కారేపల్లి నుంచి కోరంగి దాకా

పిల్లలూ! ఖమ్మం జిల్లాలో కారేపల్లి అనే ఊరున్నది. డోర్నకల్లు నుంచి కొత్తగూడెం పోయే రైలుదారిలో అదొక జంక్షను. ఇల్లెందు బొగ్గుగనుల వైపు పోయే పట్టాలు అక్కడే చీలుతాయి. అక్కణ్ణించి తూర్పుగా బయలుదేరితే భద్రాచలం దాకా, అది దాటి కూడా, అడవులు కనిపిస్తాయి. కారేపల్లి పిల్లల్ని ఎవరినైనా సముద్రం సంగతి అడిగి చూడండి. "మాది అడవి సీమ. మాకూ సముద్రానికీ ఏం సంబంధం?" అంటారు.

కాని, అడవి సీమలో పుట్టినవాళ్ళు తప్పకుండా చూడవలసిన సముద్రతీరం ఒకటున్నది. అక్కడ అడవి సముద్రపు నీళ్ళలోనే పెరుగుతుంది! రోజుకు రెండుసార్లు ఆ నేల మునుగుతుంది, రెండుసార్లు తేలుతుంది. అక్కడ చేపలు బురద మీద గెంతుతాయి. పిల్లులు నీళ్ళలో దూకి చేపలు పడతాయి. చెట్ల గింజలు కొమ్మ మీద ఉండగానే మొలకెత్తుతాయి.

ఆ చోటు పేరు కోరంగి. కాకినాడకు దక్షిణంగా, గోదావరి పాయలు సముద్రంలో కలిసే చోట ఉన్నది. 1978 లో ప్రభుత్వం వారు దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. సుమారు 235 చదరపు కిలోమీటర్ల ఆ ప్రదేశంలో అడవీ, నదీ, సముద్రమూ మూడూ కలిసి ఉన్నాయి. రండి, పోయి చూసివద్దాం.

గోదావరి వెంట

కారేపల్లిలో రైలెక్కితే కొత్తగూడెంలో దిగుతాం. ఆ స్టేషను పేరు "భద్రాచలం రోడ్". పేరు చూసి భద్రాచలం వచ్చేసిందనుకునేరు! అది ఇంకా నలభై కిలోమీటర్లు ఉన్నది. బస్సులో పాల్వంచ మీదుగా పోవాలి. ఆ చుట్టుపక్కల అడవుల్లోనించి కిన్నెరసాని పారి వచ్చి, బూర్గంపాడు దగ్గర గోదావరిలో కలుస్తుంది.

భద్రాచలంలో రాములవారి దర్శనం అయినాక మెట్లు దిగి నదిని చూడండి. ఎండాకాలంలో ఇసుకతిన్నెల మధ్య నెమ్మదిగా పోయే ఈ నదే వానాకాలంలో భయంకరంగా పొంగుతుంది. 2022 జులైలో ఇక్కడ నీటిమట్టం 71 అడుగులు దాటింది. అప్పుడు నీళ్ళు ఎర్రగా, చిక్కగా ఉంటాయి. ఆ ఎరుపంతా మట్టే. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టిన గోదావరి మొత్తం 1,465 కిలోమీటర్లు పారుతుంది. దారిలో ప్రాణహిత, ఇంద్రావతి, కిన్నెరసాని, శబరి వంటి ఏరులన్నీ తమ తమ అడవుల మట్టిని తెచ్చి అందులో పోస్తాయి.

ఆ మట్టి ఎక్కడికి పోతుంది? మనమూ దాని వెంటే పోదాం. నది పాపికొండల సందులో దూరి పోతుంది. మనం బస్సులో చింతూరు, మారేడుమిల్లి ఘాటు మీదుగా కొండలు దిగి రాజమండ్రిలో దాన్ని మళ్ళీ కలుసుకుంటాం. ఆ పక్కనే ధవళేశ్వరం. సర్ ఆర్థర్ కాటన్ అనే ఇంజనీరు అక్కడ 1852 నాటికి ఆనకట్ట కట్టించాడు. దాని కిందనే గోదావరి గౌతమి, వసిష్ఠ అనే పెద్ద పాయలుగా చీలుతుంది. గౌతమి యానాం పక్కగా పోయి సముద్రం చేరుతుంది. దానిలోనించి విడివడ్డ చిన్న పాయే కోరంగి ఏరు. సముద్రం దగ్గర పడేసరికి నీటి వేగం తగ్గిపోతుంది. ఇంత దూరం మోసుకొచ్చిన ఒండ్రును నది అక్కడ దించేస్తుంది. కోరంగి అడవి పెరుగుతున్నది ఆ మట్టిలోనే. మీరు భద్రాచలంలో చూసిన ఎర్రనీటిలోని మట్టి కూడా అందులో ఉన్నది!

ఉప్పునీటి చెట్లు

కాకినాడ నుంచి యానాం పోయే రోడ్డు మీద అభయారణ్యం ద్వారం వస్తుంది. లోపల చెట్ల మధ్యగా, నేలకు ఎత్తుగా, చెక్కలతో బాట వేశారు. సముద్రం ముందుకు రావటాన్ని పోటు అనీ, వెనక్కు తగ్గటాన్ని పాటు అనీ అంటారు. మీరు పాటు వేళకు వెళ్ళండి. అప్పుడే నేల బయటపడి, వింతలన్నీ కనిపిస్తాయి. ఒక పోటుకూ మరొక పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అందుచేత ఈ వేళ ఉదయం 8 గంటలకు పోటు వస్తే, రేపు ఇంచుమించు 8 గంటల 50 నిమిషాలకు వస్తుంది. బెస్తవాళ్ళు చంద్రుణ్ణి చూసే ఈ లెక్క కట్టగలరు.

కిందికి చూస్తే బురదలోనించి వేలెడు పొడుగున వేలకొద్దీ పుల్లలు నిక్కి ఉంటాయి. ఎవరో గుచ్చి పెట్టారేమో అనిపిస్తుంది. అవి చెట్ల వేళ్ళు! మామూలు వేళ్ళు భూమిలోకి పోతే, ఇవి భూమిలోనించి పైకి వస్తాయి. కారణమేమంటే, ఆ బురదలో గాలి ఆడదు. ముక్కు దగ్గర పెడితే కుళ్ళిన గుడ్ల వాసన వేస్తుంది. అందుకని తెల్లమడ, నల్లమడ అనే చెట్లు వేళ్ళను పైకి పంపి వాటితో గాలి పీల్చుకుంటాయి. ఉప్పుపొన్న చెట్టు మరొక ఉపాయం పన్నింది. అది కొయ్యకాళ్ళ మీద నిలబడ్డ మనిషిలాగా, కాండం నుంచి వంపు తిరిగిన వేళ్ళను బురదలోకి దించి నిలదొక్కుకుంటుంది.

మరి ఉప్పు సంగతి? ఉప్పునీళ్ళు పోస్తే మన పెరట్లో చెట్లు చచ్చిపోతాయి. ఎందుకో తెలియాలంటే ఇంట్లో ఒక పని చెయ్యండి. ఒక బంగాళాదుంపను రెండు ముక్కలు కోసి, ఒకటి మంచినీళ్ళలోనూ, రెండోది బాగా ఉప్పు కలిపిన నీళ్ళలోనూ వెయ్యండి. కొన్ని గంటలు పోయాక తీసి వంచి చూడండి. మంచినీళ్ళలోది గట్టిగా ఉంటుంది. ఉప్పునీళ్ళలోది మెత్తబడి వంగుతుంది. ఉప్పు దానిలోని నీటిని బయటికి లాగేసిందన్నమాట. చుట్టూ నీళ్ళున్నా చెట్టు దాహంతో చచ్చేది ఇందుకే.

మడచెట్లు ఈ చిక్కును తప్పించుకున్నాయి. కొన్ని జాతులు వేళ్ళ దగ్గరే చాలా ఉప్పును వడకట్టేస్తాయి. తెల్లమడ, లోపలికి వచ్చిన ఉప్పును ఆకుల గుండా చెమటలాగా బయటికి తోసేస్తుంది. ఎండవేళ దాని ఆకు తడిమితే ఉప్పు రవ్వలు చేతికి తగులుతాయి.

ఉప్పుపొన్న గింజది ఇంకా చిత్రం. గింజ వట్టి బురదలో పడితే పోటు నీళ్ళు కొట్టుకుపోతాయి గదా! అందుకని అది తల్లిచెట్టును పట్టుకునే మొలకెత్తి, మునక్కాయలాగా వేలాడుతుంది. బాగా ఎదిగాక రాలి బురదలో నిటారుగా గుచ్చుకుంటుంది. నీళ్ళలో పడితే తేలుకుంటూ పోయి, నేల దొరికిన చోట పాతుకుంటుంది.

తిల్ల అనే చెట్టును మాత్రం ముట్టుకోకండి. దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం.

బురదలో జనాభా

కదలకుండా రెండు నిమిషాలు నిలబడితే బురదకు ప్రాణం వస్తుంది. బొరియల్లోనించి చిన్న చిన్న పీతలు బయటికి వస్తాయి. ఒక జాతిలో మగపీతకు ఒక చెయ్యి చిన్నది, రెండోది ఒంటికి మించినంత పెద్దది. ఆ పెద్ద చేతిని పైకీ కిందికీ ఊపుతూ ఉంటుంది. ఆడపీతను పిలవటానికీ, పక్క మగపీతను బెదిరించటానికీ కూడా అదే సైగ!

దాని పక్కనే కప్పలాగా కళ్ళు మిటకరించిన చేప గెంతుతూ పోతుంది. చేప నేల మీదికి వస్తే చచ్చిపోతుందని మీరు చదివి ఉంటారు. ఈ బురదచేప మాత్రం మొప్పల గదుల్లో కాస్త నీరు నింపుకుని బయటికి వస్తుంది. ఒళ్ళు తడిగా ఉన్నంతసేపు చర్మం ద్వారా కూడా గాలి పీలుస్తుంది. ముందు రెక్కలను మోచేతుల్లాగా ఆనించి పాకుతుంది.

రాలిన మడ ఆకులను పీతలు తింటాయి. మిగిలినవి కుళ్ళి రొయ్యపిల్లలకూ, చేపపిల్లలకూ ఆహారమవుతాయి. పెద్ద చేపలు ఈ వేళ్ళ మధ్యకు దూరలేవు. కాబట్టి పిల్లలు ఇక్కడ భద్రంగా పెరిగి, ఆ తరవాత సముద్రానికి పోతాయి. రొయ్యలు, మండపీతలు, పండుగప్పలు అన్నిటికీ ఇదే ఉయ్యాల. కాకినాడ బెస్తవాళ్ళ వలలో పడే చేపల్లో చాలా వాటి బాల్యం ఇక్కడే గడిచింది.

బురదలోకి చేరిన ఆకుల్లో అన్నీ కుళ్ళవు. కొన్ని పొరలు పొరలుగా పేరుకుపోతాయి. ఇల్లెందు బొగ్గు కూడా ఒకప్పుడు ఇట్లా చిత్తడిలో పడి పూడిపోయిన అడవే! అది 25 కోట్ల సంవత్సరాలకు పూర్వపు మాట. అప్పటి చెట్లు వేరు, అప్పటి నేల వేరు. అయినా చిత్తడి నేల చెట్టును ఎట్లా దాచుకుంటుందో కారేపల్లి పిల్లలు ఇక్కడ కళ్ళారా చూడవచ్చు.

బావురుపిల్లి, నీటికుక్క

పిల్లికి నీళ్ళంటే భయం అంటారు. కోరంగిలో ఉండే బావురుపిల్లి ఆ మాట వింటే నవ్వుతుంది. అది ఇంటిపిల్లికి రెట్టింపు ఉంటుంది. ఒంటి మీద మచ్చలుంటాయి. కాలివేళ్ళ మధ్య కొంత మేర చర్మం ఉండటంచేత బురదలో కూరుకుపోదు, ఈతకూ వీలు. రాత్రివేళ ఏటి ఒడ్డున పొంచి కూర్చుని, చేప కదిలితే పంజా విసురుతుంది, లేదా తలకిందుగా దూకుతుంది. పగటిపూట అది మీకు కనిపించటం కష్టం. బురదలో దాని అడుగుజాడలు కనిపిస్తే అదే మహాభాగ్యం అనుకోండి.

నీటికుక్కలు గుంపుగా వస్తాయి. నీళ్ళలో తలలు పైకెత్తి చూస్తూ, కీచుమని అరుస్తూ, కలిసి చేపలను తరుముతాయి. పైన గరుడపక్షి గిరికీలు కొడుతుంది. చెట్లమీద నీటికాకులు రెక్కలు చాచి ఆరబెట్టుకుంటాయి. లకుముకిపిట్ట పుల్లమీద కూర్చుని ఒక్కసారిగా నీళ్ళలో పడుతుంది. శీతాకాలంలోనైతే బురదమేటల మీద చిన్న చిన్న ఉల్లంకి పిట్టలు వందలుగా దిగుతాయి. వాటిలో కొన్ని సైబీరియా ఉత్తరాన మంచుసీమల్లో గుడ్లు పెట్టి, చలి ముదరక ముందే వేల కిలోమీటర్లు ఎగిరి ఇక్కడికి వస్తాయి. వాటికి కావలసింది ఈ బురదలోని పురుగులే.

కొట్టుకుపోయిన రేవు

ఇప్పుడు చిన్న ఊరుగా ఉన్న కోరంగి ఒకప్పుడు గొప్ప రేవు. ఓడలు కట్టేవాళ్ళూ, బాగుచేసేవాళ్ళూ అక్కడ ఉండేవారు. అక్కడ ఓడ ఎక్కి తెలుగువాళ్ళు పరదేశాలకు పోయేవారు. అందుకనే బర్మాలోనూ, మారిషస్‌లోనూ తెలుగువాళ్ళను "కొరంగీలు" అనేవారు.

1789 డిసెంబరులో ఆ ఊరి మీద గొప్ప తుపాను వచ్చింది. మూడు పెద్ద కెరటాలు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఊరిని ముంచివేశాయి. మళ్ళీ 1839 నవంబరులో మరొక తుపాను వచ్చింది. ఆ తరవాత ఆ రేవు మునుపటిలా కోలుకోలేదు. కలకత్తాలో ఉండిన హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన ఇటువంటి తుపానుల వివరాలు సేకరించి పుస్తకాలు రాశాడు. చుట్టలు చుట్టుకున్న పాము అనే అర్థం వచ్చే గ్రీకు మాట నుంచి "సైక్లోను" అనే పేరు పెట్టినవాడు ఆయనే. ఆయన పరిశీలించిన వాటిలో 1789 నాటి కోరంగి తుపాను ఒకటి.

తుపానులు ఆగలేదు. 1996 నవంబరు 6 న వచ్చిన తుపాను ఈ తీరంలోనే వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. దట్టమైన మడ అడవి ఉన్న చోట కెరటాలు చెట్ల కాండాలకూ వేళ్ళకూ తగిలి బలం కోల్పోతాయి. గాలి జోరూ కొంత తగ్గుతుంది. పెను ఉప్పెనను ఏ అడవీ పూర్తిగా ఆపలేదు. అయినా వెనక ఉన్న ఊరికి తగిలే దెబ్బ తగ్గుతుంది. కట్టెల కోసం మడను నరికితే తమ ఇంటి గోడను తామే పడగొట్టుకున్నట్టు అవుతుందని ఆ పల్లెల్లో చాలామంది తెలుసుకున్నారు.

తాబేటి తల్లి

అడవికి ఆవల, కాకినాడ అఖాతానికి అడ్డుగోడలాగా, హోప్ దీవి అనే పొడుగాటి ఇసుకతిన్నె ఉన్నది. పొడవు సుమారు 16 కిలోమీటర్లు. గోదావరి మోసుకొచ్చిన ఇసుకతో రెండు వందల ఏళ్ళుగా పెరిగిన నేల అది. దాని చాటునే కాకినాడ రేవులో ఓడలు నిశ్చింతగా నిలుస్తాయి.

జనవరి నుంచి మార్చి దాకా, చీకటి పడ్డాక, ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేళ్ళు ఇటువంటి ఇసుకతీరాలకు వస్తాయి. ఒక్కొక్కటి నలభై కిలోల దాకా తూగుతుంది. తల్లి తాబేలు కాళ్ళతో గుంట తవ్వి, సుమారు నూరు గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, వెనక్కు చూడకుండా సముద్రంలోకి పోతుంది. ఆ సమయంలో దాని కళ్ళవెంట నీరు కారుతుంది. బిడ్డలను విడిచిపోతున్నందుకు ఏడుస్తున్నదని చూసినవాళ్ళు అనుకుంటారు. నిజానికి ఒంట్లో ఎక్కువైన ఉప్పును అది కళ్ళ దగ్గర ఉన్న గ్రంథుల ద్వారా బయటికి పంపుతుంది. తెల్లమడ ఆకు చేసే పనీ అదే గదా!

ఏడెనిమిది వారాలకు గుడ్లు పిగులుతాయి. ఇసుక వేడి ఎక్కువగా ఉంటే ఆడపిల్లలూ, తక్కువగా ఉంటే మగపిల్లలూ ఎక్కువగా పుడతాయి. రూపాయి బిళ్ళ కన్న కాస్త పెద్దవైన ఆ పిల్లలు వెలుతురు ఉన్న వైపు పరుగు తీస్తాయి. రాత్రివేళ నేల కన్న సముద్రం మీద వెలుగు ఎక్కువ. కాని ఒడ్డున దీపాలు వెలిగితే అవి దారి తప్పుతాయి. నక్కలూ, కుక్కలూ, గద్దలూ, చేపలూ అన్నీ వాటికి శత్రువులే. వెయ్యి పిల్లల్లో పెద్దయేది ఒక్కటే అని అంచనా. అందుకే అటవీశాఖవారు కాకినాడ తీరంలో గుడ్లను ఏరి, కంచె వేసిన చోట ఇసుకలో పూడ్చి, పిల్లలు పుట్టగానే సముద్రంలోకి వదులుతారు.

వెయ్యింటిలో ఒకటిగా బతికి పెద్దయిన తాబేలుకు ఇంకొక గండం ఉన్నది. తాబేలు ఎంతసేపు నీళ్ళలో మునిగి ఉన్నా, ఊపిరికి పైకి రావలసిందే. మరబోట్లు పెద్ద ఈడ్పువలలను గంటల తరబడి లాగుతాయి. అందులో చిక్కిన తాబేలు పైకి రాలేక నీళ్ళలోనే ఉక్కిరిబిక్కిరి అయి చచ్చిపోతుంది. గుడ్లు పెట్టే కాలంలోనే చచ్చిన తాబేళ్ళు ఈ తీరానికి కొట్టుకువస్తూ ఉంటాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ తాబేలుకు పులితో సమానంగా రక్షణ ఇచ్చింది. తీరానికి 8 కిలోమీటర్ల లోపల మరబోట్లు వేటాడకూడదని నిబంధన కూడా ఉన్నది.

బెస్తవాళ్ళకు తాబేలు మీద పగ లేదు. చాలామంది దాన్ని కూర్మావతారమని దండం పెడతారు. కాని వేటకు పోతేనే వాళ్ళ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. అందుకని కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థవారు ఒక ఉపాయం తయారుచేశారు. వల మధ్యలో ఊచల చట్రం ఒకటి అమరుస్తారు. రొయ్యలూ చేపలూ ఊచల సందుగుండా వల చివరికి పోతాయి. తాబేలు ఊచలకు తగిలి, పక్కనే ఉన్న కంతలోనించి బయటపడుతుంది. దానితో కొన్ని పెద్ద చేపలు కూడా తప్పించుకుంటాయి. ఆ నష్టానికి జంకి కొందరు చట్రాన్ని తీసేస్తారు. తాబేలు బతకాలంటే ఆ కొద్దిపాటి నష్టం ఒక్క బెస్తవాడి మీదనే పడకుండా చూడటం అందరి బాధ్యత.

దారి మూయకపోవటమే కాపలా

కోరంగిలో చాలాచోట్ల ఒకప్పుడు మడ చచ్చి, నేల బోడిగా మారింది. మొక్కలు నాటితే ఎండిపోయాయి. పరీక్షించి చూస్తే, చెట్లు కొట్టేసిన చోట నేల పళ్ళెంలాగా గుంటపడింది. పోటు నీళ్ళు లోపలికి వచ్చి, తిరిగి పోయే దారిలేక నిలిచిపోయాయి. ఎండకు నీరు ఆవిరై ఉప్పు మిగిలింది. మడచెట్టు కూడా ఓర్వలేనంత ఉప్పు! అప్పుడు అటవీశాఖవారూ, ఎం. ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థవారూ, చుట్టుపక్కల గ్రామాల వారూ కలిసి చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వారు. నడుమ ఒక పెద్ద కాలువ, రెండు పక్కలా చిన్న కాలువలు. పోటు వచ్చి పోవటం మొదలైంది. నీళ్ళు ఉప్పును కడిగేశాయి. నాటిన మొక్కలు నిలిచాయి.

చూశారా? అక్కడ అన్నీ రాకపోకల మీదనే బతుకుతున్నాయి. పోటు నీరు వచ్చి పోవాలి. తాబేలు వచ్చి పోవాలి. సైబీరియా పిట్టలు వచ్చి పోవాలి. వానాకాలంలో పులస చేప గుడ్లు పెట్టటానికి సముద్రంలోనించి గోదావరిలోకి ఎదురీదుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర దాని దారి ఆగిపోతుంది. అట్లాగే నది పొడుగునా ఆనకట్టలు కట్టినకొద్దీ ఒండ్రు వాటి వెనకనే నిలిచిపోతున్నది. సముద్రానికి చేరే మట్టి మునుపటి కన్న బాగా తగ్గిందని శాస్త్రజ్ఞులు కొలిచి చెప్పారు. ఆనకట్టలు మనకు అన్నం పెడుతున్నాయి, అవి లేకపోతే గడవదు. కాని మట్టి చాలక డెల్టా అంచును సముద్రం అక్కడక్కడ కోసుకుపోతున్నది. ఈ రెండిటికీ పొత్తు కుదిర్చే ఉపాయం కనిపెట్టవలసినవాళ్ళు రేపు పెద్దవాళ్ళయే మీరే.

మట్టి ఆగినా, ఆగనిది మరొకటి ఉన్నది. మీరు భద్రాచలం రేవులో పారేసిన ప్లాస్టిక్ సంచి వరదలో తేలిపోయి మడ వేళ్ళకు చుట్టుకోవచ్చు. గాలి పీల్చే వేళ్ళకు అది ఊపిరి ఆడకుండా చేస్తుంది. ఈ ఒక్క సంగతి తెలుసుకుంటే చాలు, కారేపల్లికీ సముద్రానికీ సంబంధమేమిటో మీకు అర్థమైనట్టే.

కోరంగి పోదలచిన పిల్లలకు నాలుగు మాటలు: నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పిట్టలు ఎక్కువ. ఏ వేళకు పాటు వస్తుందో ముందుగా అడిగి తెలుసుకోండి. చెక్కబాట దిగకండి, మీ కాలికింద మీకు తెలియకుండానే ఒక పీత ఇల్లు కూలుతుంది. హోప్ దీవికి పోయేటప్పుడు అటవీశాఖవారి అనుమతి తీసుకోండి. రాత్రిపూట తాబేళ్ళ మీద దీపం వెయ్యకండి. ఒక చిన్న నోటుపుస్తకమూ, పెన్సిలూ వెంట ఉంచుకుని, చూసింది చూసినట్టు రాసుకోండి. అన్నిటి కన్న ముఖ్యం, మాట్లాడకుండా నిలబడటం. అక్కడి ప్రాణులన్నీ ఆ పని చేసినవాళ్ళకే కనిపిస్తాయి.